చెప్పింది ఒకటి, వచ్చింది ఒకటి: ఆన్‌లైన్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ వస్తువుల వివాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త వస్తువు కొన్నవారికి కంపెనీ వారంటీ, షాపు బిల్లు, సర్వీసు సెంటరు అండగా ఉంటాయి. పాత వస్తువు కొన్నవారికి చాలాసార్లు అవేవీ ఉండవు. అమ్మిన వ్యక్తి ప్రకటనలో రాసిన నాలుగు మాటలు, పెట్టిన ఫోటోలు, చాట్‌లో ఇచ్చిన జవాబులు, వీటినే పట్టుకుని నిలబడవలసి వస్తుంది. ఈ సమాధానాలన్నీ భారతదేశంలో అమలులో ఉన్న చట్టాలను బట్టి రాసినవి. చేతులు మారిన మొత్తం పెద్దదైతే న్యాయవాదితో ఒకసారి మాట్లాడిన తరువాతే ముందుకు వెళ్లడం మంచిది.

ప్రశ్న: పాత వస్తువన్నాక అరుగుదల సహజమే కదా? "చెప్పినట్టు లేదు" అని దేనిని అనవచ్చు?

అరుగుదల సహజమే. మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ కీబోర్డు మీద అక్షరాలు మాసిపోయాయని, మూతపై సన్నని గీతలు ఉన్నాయని ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోరు. ప్రకటనలో నిర్దిష్టంగా చెప్పిన సంగతి నిజం కానప్పుడే మీ ఫిర్యాదుకు బలం వస్తుంది. వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోయి తీరాలనే షరతు, ఇరుపక్షాలూ రాసుకోకపోయినా, ఒప్పందంలో ఇమిడి ఉంటుందని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్ వ్యాపారికే పరిమితం కాదు. ఇంట్లో పాత ఫోన్ అమ్ముకునే మామూలు మనిషికి కూడా వర్తిస్తుంది.

అయితే ప్రకటనలో ఉన్న ప్రతి మాటా వర్ణన కిందికి రాదు. "సూపర్ కండిషన్", "చూస్తే వదలరు" వంటివి బేరం కోసం చెప్పే మాటలు. వాటి మీద కేసు నిలవదు. "16 జీబీ ర్యామ్", "ఒరిజినల్ డిస్‌ప్లే", "ఫస్ట్ ఓనర్", "ఎప్పుడూ విప్పలేదు", "బిల్లు, బాక్సు ఉన్నాయి" అన్నవి పరీక్షించి తేల్చగలిగిన మాటలు. ఫిర్యాదు రాసే ముందు ప్రకటనను ఎదురుగా పెట్టుకుని ఇలాంటి మాటల కింద గీత గీయండి. అలాంటి మాట ఒక్కటీ దొరకకపోతే మీ అసంతృప్తి ఎంత న్యాయమైనదైనా దావా బలహీనమేనని గుర్తించాలి.

ప్రశ్న: అబద్ధం చెప్పలేదు, కానీ లోపం సంగతి దాచిపెట్టారు. అది మోసం కాదా?

ఇది కొంత చిక్కు ప్రశ్న. 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం కేవలం మౌనంగా ఉండటం సాధారణంగా మోసం కాదు. చెప్పవలసిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా ఆ మౌనమే మాటతో సమానమైనప్పుడు మాత్రమే మోసం అవుతుంది. అందువల్ల మీరు అడగని సంగతి అమ్మకందారు చెప్పకపోతే మీ చేతిలో ఆధారం తక్కువ. "ఎక్కడైనా రిపేరు చేయించారా?" అని చాట్‌లో మీరు అడిగి, "లేదండీ" అని ఆయన జవాబు రాసి ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. కొనే ముందు ఫోన్‌లో మాట్లాడే అలవాటున్న వారు కూడా ఈ ఒక్క ప్రశ్నను రాతలో అడగడం ఎంతో మేలు.

ప్రశ్న: అమ్మినది వ్యాపారా, మామూలు మనిషా అన్నది ఎందుకంత ముఖ్యం?

మీరు ఏ తలుపు తట్టాలో దానిని బట్టే తేలుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు వ్యాపారులకూ వేదికలకూ (అమ్మకాలు జరిగే వెబ్‌సైట్లకూ యాప్‌లకూ) గట్టి బాధ్యతలు పెట్టాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ వేదిక మీద అమ్మే వ్యాపారి నిరాకరించకూడదు. బాగుచేసిన పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్మడాన్ని చట్టం పేరుపెట్టి మరీ అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. అవే నిబంధనలు, వృత్తిగా గానీ క్రమం తప్పని వ్యాపారంగా గానీ కాకుండా వ్యక్తిగత హోదాలో అమ్ముకునే మనిషికి తాము వర్తించబోమని కూడా స్పష్టంగా చెబుతున్నాయి. పక్క వీధి కుర్రవాడు తన పాత కెమెరా అమ్మితే ఈ నిబంధనల ప్రస్తావన పనికిరాదు. విక్రయ చట్టం, ఒప్పందాల చట్టమే దిక్కు.

కొందరు వ్యాపారులు మామూలు మనిషి వేషంలో కనిపిస్తారు. ఒకే ఖాతా నుంచి పది పదిహేను ఫోన్లు అమ్మకానికి ఉండటం, అన్ని ఫోటోల వెనుకా ఒకే గాజు కౌంటరు కనిపించడం, "మా దగ్గర ఇంకా మోడల్స్ ఉన్నాయి" అనే సందేశం రావడం, డబ్బు షాపు పేరున ఉన్న క్యూఆర్ కోడ్‌కు వెళ్లడం దానికి గుర్తులు. ఆ ఖాతాలోని మిగతా ప్రకటనలను ఫిర్యాదు చేసే ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఎందుకంటే గొడవ మొదలైన మరుక్షణం అవి మాయమవుతాయి.

ప్రశ్న: పార్సిల్ విప్పాను, వస్తువు తేడాగా ఉంది. మొదట ఏం చేయాలి?

ఎదుటివారితో గొడవకు దిగకముందే ప్రకటనను భద్రపరచండి. ధర, తేదీ, అమ్మినవారి ఖాతా పేరు కనిపించేలా ప్రకటన మొత్తాన్ని, చాట్‌ను మొదటి నుంచి చివరి వరకు, చెల్లింపు రసీదును దాచుకోవాలి. తరువాత పార్సిల్ మీది చీటీ, అట్టపెట్టె, వస్తువు సీరియల్ నంబరు ఒకే వీడియోలో వచ్చేలా తీయాలి. "మీరే మార్చి వేరేది చూపిస్తున్నారు" అన్న వాదన రావడం దాదాపు ఖాయం. దానికి సీరియల్ నంబరే జవాబు.

లోపాన్ని కంటితో కాక వస్తువు చేతనే చెప్పించండి. ఐఫోన్ కొత్త మోడళ్లలో సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీ కింద విడిభాగాల, సర్వీసు చరిత్ర కనిపిస్తుంది. డిస్‌ప్లే ఎదురుగా "తెలియని భాగం" అని ఉంటే "ఒరిజినల్ డిస్‌ప్లే" అన్న ప్రకటన పక్కన ఆ తెరను పెట్టి చూపించడమే చాలు. ఏ ఫోన్‌లోనైనా *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌కు మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య, వస్తుంది; అది బాక్సు మీద, బిల్లు మీద ఉన్న నంబరుతో కలవాలి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ రిపోర్టును కంప్యూటరే తయారుచేసి ఇస్తుంది. బ్యాటరీ అసలు సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండుగా చార్జి చేస్తే ఎంత పడుతోంది అన్న రెండు అంకెలూ అందులో ఉంటాయి. "బ్యాకప్ ఐదు గంటలు" అన్న మాట తేలిపోవడానికి ఆ రెండు అంకెలకు మించిన సాక్ష్యం అవసరం రాదు.

ప్రశ్న: రిపేరు షాపులో ఇచ్చి బాగుచేయించి, ఆ బిల్లు అడగవచ్చా?

తొందరపడవద్దు. ఈ వివాదాలలో కొన్నవారి దావాను ఎక్కువగా దెబ్బతీసేవి రెండు: ఆలస్యం, రిపేరు. సరుకు మీకు నచ్చలేదన్న సంగతి తగిన సమయంలోగా తెలియజేయకుండా ఉంచుకున్నా, యజమానిలా దానిలో మార్పులు చేసినా, దానిని అంగీకరించినట్టే లెక్క అని విక్రయ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఒకసారి అంగీకరించారంటే సాధారణంగా వస్తువు తిప్పికొట్టి మొత్తం డబ్బు అడిగే హక్కు పోయి, నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. అందుచేత ముందు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. షాపుకు తీసుకువెళ్లవలసి వస్తే పరీక్షకే తీసుకువెళ్లాలి, లెటర్‌హెడ్ మీద లేదా బిల్లు మీద లోపాన్ని రాయించుకోవాలి, విడిభాగం దేనినీ మార్చనివ్వకూడదు.

"తగిన సమయం" ఎన్ని రోజులో చట్టం అంకె చెప్పలేదు. ఫోన్, ల్యాప్‌టాప్ వంటి వాటికి ఒకటి రెండు రోజులలోనే రాయడం క్షేమం. వేదికకు సొంత రిటర్న్ గడువు ఉంటే అది ఇంకా ముందే ముగిసిపోవచ్చు.

ప్రశ్న: అమ్మినవారికి ఏమని రాయాలి?

కోపం ఎంత ఉన్నా ఉత్తరంలో అది కనిపించకూడదు. ఆ ఉత్తరాన్ని రేపు మూడో మనిషి చదువుతాడన్న ధ్యాసతో రాయాలి. నమూనాగా ఇది చూడండి: "మీరు ఫలానా తేదీన పెట్టిన ప్రకటనలో ఈ ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్ ఉందని, ఎప్పుడూ విప్పలేదని రాశారు. ఆ మాట నమ్మి 24,000 రూపాయలు చెల్లించాను. నిన్న నాకు అందిన ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉంది. అడుగు పలకకు రెండు స్క్రూలు లేవు. ఫోటోలు, వీడియో జతపరిచాను. వస్తువును నేను అంగీకరించడం లేదు. ఏడు రోజులలోగా మొత్తం డబ్బు తిరిగి చెల్లించి, మీ ఖర్చుతో వస్తువును తీసుకువెళ్లగలరు. అంతవరకు దానిని వాడకుండా భద్రంగా ఉంచుతాను."

ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు, పోలీసుల పేరు లేదు. ఏం చెప్పారు, ఏం వచ్చింది, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి అన్నవే ఉన్నాయి. వేదికలోని చాట్‌లోనే పంపడం మంచిది. వాట్సాప్‌కు రమ్మని పిలిచినా, రెండు చోట్లా ఒకే పాఠం పెట్టండి. తిరస్కరించిన సరుకును కొన్నవారే మోసుకెళ్లి అప్పగించవలసిన పని లేదని, వేరే ఒప్పందం లేనప్పుడు తిరస్కరించామని తెలియజేస్తే చాలునని విక్రయ చట్టం 43వ సెక్షన్ చెబుతోంది కనుక, డబ్బు చేతికి రాకముందే వస్తువును కొరియర్‌లో పంపేయకండి.

ప్రశ్న: మొత్తం డబ్బు అడగాలా, కొంత తగ్గించమని అడగాలా?

నా అభిప్రాయంలో, వస్తువు మీకు ఇంకా పనికొచ్చేటట్టయితే తగ్గింపే తొందరగా తెగే దారి. పైన చెప్పిన ల్యాప్‌టాప్‌కు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయడానికి షాపువారు ఇచ్చిన కొటేషన్ చూపించి అంత మొత్తం అడిగితే, ఎదుటివారు చాలావరకు బేరానికి దిగుతారు. ఐఎంఈఐ కలవకపోవడం, బండి చాసిస్ నంబరు చెరిపేసి ఉండటం వంటి వాటిలో మాత్రం ఎంత తగ్గించినా ఒప్పుకోకూడదు; అక్కడ వస్తువే ఉంచుకోదగినది కాదు. రాజీ కుదిరితే "ఇంత మొత్తం ముట్టింది, ఈ వివాదం ఇంతటితో ముగిసింది" అని ఇద్దరూ రాతలో ఒప్పుకోవాలి.

ప్రశ్న: ప్రకటన చివర "ఉన్నది ఉన్నట్టు, రిటర్న్ లేదు" అని రాశారు. ఇక నాకు హక్కు లేనట్టేనా?

అలా కాదు. చట్టం ఇచ్చే అంతర్లీన షరతులను ఇరుపక్షాలూ ఒప్పందంతో తొలగించుకోవచ్చన్నది నిజమే. నాణ్యత గురించి, మన్నిక గురించి ఆ మాట అమ్మినవారిని కొంతవరకు కాపాడుతుంది. కానీ పైన "ఒరిజినల్ డిస్‌ప్లే" అని రాసి, కింద "ఉన్నది ఉన్నట్టు" అని రాసినంత మాత్రాన పై అబద్ధం చెల్లిపోదు. తెలిసి చెప్పిన అబద్ధంతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు ఒప్పందాల చట్టం 19వ సెక్షన్ ఇస్తుంది.

ప్రశ్న: నేనే వెళ్లి, చూసి, నచ్చి కొన్నాను. ఇప్పుడు ఫిర్యాదు చెల్లుతుందా?

కంటికి కనిపించే లోపాలకు చెల్లదు. మామూలు శ్రద్ధతో మీరే కనిపెట్టగలిగిన సంగతి అయితే, పొరపాటుగా చెప్పిన మాట ఆధారంగా ఒప్పందం రద్దు కోరలేరని అదే 19వ సెక్షన్ మినహాయింపు చెబుతోంది. మూత విప్పితే తప్ప తెలియని లోపానికి, అమ్మినవారు తెలిసి చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు అడ్డం రాదు. మెట్రో స్టేషన్ బయట నిలబడి పది నిమిషాలలో చూసి తీసుకున్న ఫోన్ లోపలి మదర్‌బోర్డు రిపేరు సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదు.

ప్రశ్న: వేదిక తనకు సంబంధం లేదంటోంది. అది నిజమేనా?

కొంత నిజం. కేవలం ప్రకటనలు పెట్టుకునే చోటు ఇచ్చి, డబ్బు గానీ డెలివరీ గానీ తన చేతుల మీదుగా నడపని వేదిక, మధ్యవర్తులకు ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణను చూపిస్తుంది. డబ్బు తానే తీసుకుని, వస్తువును తానే పరీక్షించి "సర్టిఫైడ్" అని ముద్రవేసి అమ్మే వేదికకు ఆ సాకు అంత తేలికగా కుదరదు. ఆ పరీక్ష నివేదిక కూడా మీరు పట్టుకోదగిన వర్ణనే.

ఏ వేదికైనా ఫిర్యాదుల అధికారిని నియమించాలి; ఫిర్యాదు అందిందని 48 గంటలలోగా తెలియజేసి, నెల రోజులలోగా పరిష్కరించాలి. చాట్‌లో రోబో ఇచ్చే జవాబులతో సరిపెట్టుకోకుండా ఆ అధికారి ఈమెయిల్ వెతికి అక్కడికి రాయండి. కొన్న తరువాత మీరు రాతపూర్వకంగా అడిగితే, వ్యాపారి చిరునామా వంటి వివరాలను మార్కెట్‌ప్లేస్ ఇవ్వవలసి ఉంటుంది. కేసు వేయాలంటే మొదట కావలసింది ఆ చిరునామాయే.

ప్రశ్న: బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి వస్తుందా?

క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో చెల్లించి ఉంటే, వస్తువు వర్ణనకు సరిపోలేదన్న కారణంతో చార్జ్‌బ్యాక్, అంటే చెల్లింపును వెనక్కి రప్పించమని బ్యాంకును, కోరవచ్చు. దానికి గడువు ఉంటుంది కనుక వెంటనే బ్యాంకుకు రాయాలి, అమ్మినవారితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు జతచేయాలి. యూపీఐతో నేరుగా మనిషికి పంపిన డబ్బు సంగతి వేరు. పిన్ కొట్టి మీరే పంపారు కాబట్టి, మీకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన రక్షణ ఇక్కడ వర్తించదు. ఒకవేళ రీఫండ్ పంపుతున్నానంటూ ఎదుటివారు క్యూఆర్ కోడ్ ఇచ్చి స్కాన్ చేయమంటే చేయవద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర లేదు.

ప్రశ్న: వేదిక, వ్యాపారి ఇద్దరూ పలకడం లేదు. తరువాత ఏం చేయాలి?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడే వీలుంది. అది న్యాయస్థానం కాదు, ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడుతుంది. అయినా పెద్ద వేదికల విషయంలో ఈ ఒక్క అడుగుతోనే తెగిపోయే గొడవలు చాలా ఉంటాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. వ్యాపారి బెంగళూరులో ఉన్నా, గుంటూరులో నివసించే కొనుగోలుదారు గుంటూరులోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద వెసులుబాటు ఇదే. న్యాయవాది తప్పనిసరి కాదు. 2025 జనవరిలో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వివాదం పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలలలో, వస్తువును పరీక్షించవలసి వస్తే ఐదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది కానీ, ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలమే పడుతుందని ముందే మనసులో పెట్టుకోవాలి. మళ్లీ అమ్ముకోవడానికి కొన్నవారిని చట్టం వినియోగదారుగా గుర్తించదని కూడా గమనించాలి.

ప్రశ్న: అమ్మినది మామూలు మనిషి అయితే?

చిన్న మొత్తాలకు సివిల్ దావా ఖర్చుకు తగదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కేసు వేయడానికి ముందు దశలోనే అర్జీ పెట్టుకుంటే, వారు ఎదుటివారిని పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోబెడతారు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే అక్కడి రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. ఎదుటివారు రాకపోతే బలవంతం చేయలేకపోవడం దీని లోపం. అయినా ముద్ర ఉన్న నోటీసు ఇంటికి వచ్చాక, అంతవరకు ఫోన్ ఎత్తని మనిషి తిరిగి ఫోన్ చేయడం అరుదేమీ కాదు.

ప్రశ్న: పోలీసు కేసు పెట్టవచ్చా?

ఒప్పందం తప్పడం వేరు, మోసం చేయడం వేరు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం నిలవాలంటే మొదటి నుంచే దురుద్దేశం ఉన్నట్టు కనిపించాలి. ఫోన్ బాక్సులో సబ్బుబిళ్ల వచ్చినా, ఇతరుల ఫోటోలు కాపీ చేసి ప్రకటన పెట్టినా, అడ్వాన్సు ముట్టగానే నంబరు ఆపేసినా ఆ ఉద్దేశం తేటతెల్లం. అప్పుడు గంటలు లెక్కపెట్టుకోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా బ్యాంకుల మధ్య ఉండగానే ఆపించే అవకాశం ఉంటుంది. బ్యాటరీ చెప్పినంత రావడం లేదన్న గొడవతో స్టేషనుకు వెళితే "సివిల్ కేసు" అని పంపించేస్తారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

ప్రశ్న: కొన్న ఫోన్ దొంగదని తేలింది. నేను ఉంచుకోవచ్చా?

ఉంచుకోకూడదు. దొంగ సొత్తు మీద అమ్మినవారికే హక్కు లేదు కనుక మీకూ రాదు. తెలిసిన తరువాత కూడా దగ్గర ఉంచుకుంటే నేరం మీ మీదికే వస్తుంది. స్టేషనులో అప్పగించి, రసీదు తీసుకుని, చాట్ వివరాలు ఇవ్వాలి. కొనకముందే కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాలలో రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు చేర్చి 14422కు సందేశం పంపితే ఆ నంబరు బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: కారు, బైకు విషయంలో వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

మీటరు తిప్పడం పాత జబ్బు. అధీకృత సర్వీసు సెంటరులో ప్రతి సర్వీసుకూ రాసిన కిలోమీటర్ల వివరాలు తెప్పించుకుంటే, రెండేళ్ల క్రితమే 70,000 దాటిన కారు ఇప్పుడు 42,000 చూపిస్తున్న సంగతి బయటపడుతుంది. టైరు పక్క గోడ మీద చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. 2021 మోడల్, 15,000 కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు నాలుగు టైర్లూ 2024వి ఉంటే కారణం అడగవలసిందే. ఆర్‌సీ మీద ఫైనాన్స్ బాకీ ఉందా, చలాన్లు ఉన్నాయా అన్నవి ప్రభుత్వ వాహన పోర్టల్ పరివాహన్‌లో చూసుకోవచ్చు.

ప్రశ్న: వాట్సాప్ స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా చెల్లుతాయా?

చెల్లుతాయి. కోర్టులో అయితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. అసలు చాట్ ఉన్న ఫోన్‌ను మార్చకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి, చాట్‌ను చెరపకండి.

ప్రశ్న: నేను అమ్మినవాడిని. కొన్నవారు విడిభాగం మార్చి, తేడా ఉందంటున్నారు. నన్ను నేను ఎలా కాపాడుకోవాలి?

ఇది కూడా తరచుగా జరిగేదే. అమ్మే ముందు సీరియల్ నంబరు, పనిచేస్తున్న తెర, బ్యాటరీ స్థితి ఒకే వీడియోలో తీసి ఉంచండి. తెలిసిన లోపాన్ని ప్రకటనలోనే రాయండి. ధర కొంత తగ్గినా గొడవ రాదు. తేడా ఉందని ఉత్తరం వస్తే మౌనంగా ఉండకుండా, వస్తువును ఇద్దరికీ సమ్మతమైన సర్వీసు సెంటరులో పరీక్షించడానికి సిద్ధమని రాతలో చెప్పండి. సీరియల్ నంబర్లు కలవకపోతే డబ్బు తిరిగి ఇవ్వవలసిన పని లేదు. అవి కలిసి, లోపం నిజమేనని పరీక్షలో తేలితే, నోటీసు వచ్చేదాకా ఆగకుండా లెక్క తేల్చుకోవడమే మీకు తక్కువ ఖర్చు.